కరెంటు వచ్చింది, సర్వర్ లేచింది, నెట్‌వర్క్ ఇంకా లేవలేదు: లైనక్స్ సర్వీసులను దారిలో పెట్టడం ఎలా

మిర్యాలగూడ వైపు ఒక రైస్ మిల్లు ఆఫీసులో చిన్న సర్వర్ ఒకటి నా బాధ్యత. పుస్తకమంత పెట్టె. అందులో ఉబుంటు సర్వర్ 22.04, దాని మీద పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 14. కాటా గదిలో ఉన్న కంప్యూటర్ లారీ తూకాన్ని ఆ డేటాబేసులోకి ఎక్కిస్తుంది, లోపల గుమాస్తా దాన్ని చూసి బిల్లు కొడతాడు. ఎండాకాలం కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ నాకు ఫోన్. "సార్, కాటాలో తూకం ఎక్కట్లేదు. బయట లారీలు ఆగిపోయినయ్."

ల్యాప్‌టాప్ తెరిచి చూస్తే డేటాబేసు సర్వీసు (వెనకాల నడుస్తూ ఉండే ప్రోగ్రామ్‌ను సర్వీసు అంటారు) పచ్చరంగులో 'యాక్టివ్' అనే ఉండేది. రీస్టార్ట్ కొడితే అంతా బాగైపోయేది. కొన్నాళ్లు అలాగే నెట్టుకొచ్చాను. చివరికి ఆ రీస్టార్ట్ కమాండేదో గుమాస్తాకే నేర్పేశాను. అది పరిష్కారం కాదు, నా ఫోన్ మోగకుండా చేసుకున్న ఏర్పాటు.

అసలు సంగతి చిన్నది. కరెంటు రాగానే పెట్టె, రౌటర్ ఒకేసారి మొదలవుతాయి. పెట్టెలో ఎస్ఎస్‌డీ ఉంది, ఇరవై సెకన్లలో లేస్తుంది. రౌటర్ నిమిషాలు తీసుకుంటుంది. రౌటర్ లేవకపోతే కేబుల్‌లో లింకు లేదు, లింకు లేకపోతే పెట్టెకు 192.168.1.10 అనే అడ్రసు రాలేదు, అడ్రసు రాకముందే డేటాబేసు లేచి "ఆ అడ్రసు మీద వింటాను" అని లైనక్స్ గుండెకాయ అయిన కెర్నల్‌ను అడిగింది. లేదని జవాబొచ్చింది. అంతే, మళ్లీ అడగలేదు.

మీ సర్వీసు ఏదైనా కథ ఇలాగే ఉంటుంది. దీన్ని ఎలా సరిచేయాలో నేను తడబడిన వరుసలో కాకుండా, చేయాల్సిన వరుసలో చెబుతాను. కమాండ్లను, ఫైలు పేర్లను తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు కమాండ్లు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి. సెట్టింగుల పేర్లలో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు తేడా ఉంటుంది కాబట్టి వాటిని మీ మెషీన్‌లో ఉన్న యూనిట్ ఫైలు (సర్వీసును ఎలా లేపాలో రాసి ఉండే ఫైలు) చూసి అలాగే రాయండి.

1. ముందు జబ్బు ఇదేనా చూడండి

గుర్తు ఒక్కటే: రీబూట్ అయినప్పుడు చెడుతుంది, చేత్తో రీస్టార్ట్ చేస్తే బాగవుతుంది. అలా ఉంటే లాగ్ చూడండి.

జర్నల్‌సీటీఎల్ -బి -యు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్@14-మెయిన్ -ఓ షార్ట్-మోనోటోనిక్

'-బి' అంటే ఈ బూట్ నుంచి మాత్రమే. చివర్లో ఉన్న 'షార్ట్-మోనోటోనిక్' వల్ల గడియారం టైము బదులు బూట్ అయినప్పటి నుంచి ఎన్ని సెకన్లకు ఏం జరిగిందో వస్తుంది. ఇదే కమాండును సిస్టమ్‌డి-నెట్‌వర్క్‌డి (ఉబుంటు సర్వర్‌లో నెట్‌వర్క్‌ను చూసుకునే ప్రోగ్రామ్) మీద కూడా కొట్టి రెండూ పక్కపక్కన పెట్టండి. డేటాబేసు 14వ సెకనులో లేచి, నెట్‌వర్క్ 140వ సెకనులో వస్తే ఇంక వెతకాల్సిన పనిలేదు.

ఉబుంటు, డెబియన్ వాడేవాళ్లకు ఒక మాట. 'పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్' అనే సర్వీసు ఉత్త బొమ్మ. అసలు పని చేసేది '@14-మెయిన్' తోక ఉన్నది. బొమ్మ పచ్చగా ఉందని నేను మోసపోయిన రోజులున్నాయి. పోస్ట్‌గ్రెస్ సొంత లాగ్ /వర్/లాగ్/పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఫోల్డర్‌లో ఉంటుంది, అదీ తెరవండి.

లాగ్‌లో కనిపించే మాటను బట్టి లోపం ఎక్కడుందో తెలిసిపోతుంది. "కెనాట్ అసైన్ రిక్వెస్టెడ్ అడ్రస్" అంటే మీరు వినమన్న ఐపీ ఇంకా ఈ మెషీన్‌కు రాలేదు. "నెట్‌వర్క్ ఈజ్ అన్‌రీచబుల్" అంటే బయటికి దారి, అంటే రూట్, లేదు. "టెంపరరీ ఫెయిల్యూర్ ఇన్ నేమ్ రిజల్యూషన్" అంటే పేరుకు ఐపీ చెప్పే డీఎన్ఎస్ పలకలేదు. "కనెక్షన్ రెఫ్యూజ్డ్" వస్తే మాత్రం నెట్‌వర్క్‌ను తిట్టకండి. అవతలి మెషీన్ దాకా వెళ్లారు, అక్కడ తలుపు తీసేవాడే లేడు.

పోస్ట్‌గ్రెస్‌తో ఒక చిక్కు ఉంది. వినాల్సిన అడ్రసుల్లో 'లోకల్‌హోస్ట్' (మెషీన్ తనకు తానే, అంటే 127.0.0.1), 192.168.1.10 రెండూ ఇచ్చారనుకోండి. రెండోది దొరక్కపోతే అది ఒక హెచ్చరిక రాసేసి, మొదటిదాని మీదే ప్రశాంతంగా నడుస్తుంది. ఒక్క అడ్రసూ దొరక్కపోతేనే చచ్చిపోతుంది. అందుకే మిల్లులో సర్వీసు యాక్టివ్‌గానే ఉంది, కాటా గదికి మాత్రం అందలేదు. ఇలాంటిదాన్ని పట్టాలంటే స్టేటస్ కాదు,

ఎస్ఎస్ -ఎల్‌టీఎన్

కొట్టి పోస్ట్‌గ్రెస్ వినే 5432 పోర్టు ఎదురుగా ఏ అడ్రసు ఉందో చూడాలి. 127.0.0.1 ఒక్కటే ఉంటే దొంగ దొరికినట్టే.

2. మీ సర్వీసు వినేదా, పిలిచేదా?

దీనికి జవాబు తేల్చుకోకుండా సెట్టింగుల్లోకి దూకకండి. ఇంటర్నెట్‌లో దొరికే సలహాలన్నీ ఈ తేడా చూడకుండా ఒకే మందు రాస్తాయి.

వినే సర్వీసులు అంటే డేటాబేసు, వెబ్ సర్వర్, దూరం నుంచి లాగిన్ అవ్వడానికి వాడే ఎస్ఎస్‌హెచ్. ఇవి పోర్టు తెరుచుకుని కూర్చుంటాయి. పిలిచే సర్వీసులు అంటే బ్యాకప్, ఎస్ఎంఎస్ పంపే స్క్రిప్టు, వేరే మెషీన్‌లోని డేటాబేసుకు తగులుకునే యాప్. వినేవాటికి అసలు నెట్‌వర్క్ సిద్ధంగా ఉండాల్సిన అవసరమే లేకుండా చేయొచ్చు. పిలిచేవాటికి ఓపిక నేర్పాలి. మొదటి కాల్ తగలకపోతే కాసేపాగి మళ్లీ చేయాలి, మనం ఫోన్‌లో చేసినట్టే. బూట్ వరుసను సర్దడం రెండింటికీ కొంతవరకే సాయం. లైనక్స్‌లో సర్వీసులను లేపే, ఆపే ప్రోగ్రామ్ సిస్టమ్‌డి. దాన్ని రాసినవాళ్లే తమ డాక్యుమెంటేషన్‌లో ఇదే మొత్తుకుంటారు: నెట్‌వర్క్ ఎప్పుడైనా వస్తుంది, పోతుంది, ప్రోగ్రాములే దానికి తట్టుకునేలా రాసుకోండి అని.

3. వినేదైతే: అడ్రసు మీద ఆధారపడటం మానేయండి

మిల్లుకు నేను చివరికి చేసింది ఇదే. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ కాన్ఫిగ్ ఫైల్లో లిజన్_అడ్రసెస్ విలువను '*' చేశాను. నక్షత్రం గుర్తు అంటే ఏ అడ్రసు మీద వచ్చినా వింటాను అని. అడ్రసు ముందే వచ్చినా, పది నిమిషాల తర్వాత వచ్చినా దానికి సంబంధం లేదు. రాగానే ఆ అడ్రసు మీదా పలుకుతుంది. ఈ సెట్టింగు మారిస్తే రీలోడ్ సరిపోదు, రీస్టార్ట్ చేయాలి.

తలుపులన్నీ తీశాం కాబట్టి గేటు దగ్గర కాపలా పెట్టాలి. ముందు ఫైర్‌వాల్:

యూఎఫ్‌డబ్ల్యూ అలౌ ఫ్రమ్ 192.168.1.0/24 టు ఎనీ పోర్ట్ 5432

యూఎఫ్‌డబ్ల్యూను ఇంకా ఆన్ చేయకపోతే, చేసే ముందు ఎస్ఎస్‌హెచ్ పోర్టుకు కూడా అనుమతి ఇవ్వడం మరవకండి. తర్వాత డేటాబేసులోకి ఎవరు రావచ్చో రాసే పీజీ_హెచ్‌బీఏ ఫైల్లో కూడా అదే సబ్‌నెట్‌కు (192.168.1.తో మొదలయ్యే అడ్రసులకు) మాత్రమే అనుమతి ఉందో లేదో చూసుకోండి. పబ్లిక్ ఐపీ ఉన్న క్లౌడ్ మెషీన్‌లో ఈ రెండూ చేయకుండా నక్షత్రం పెడితే మీ డేటాబేసును ఊరందరికీ చూపించినట్టే.

కొన్ని ప్రోగ్రాములకు నక్షత్రం కుదరదు. ఒకే పోర్టు మీద రెండు ఐపీలకు రెండు వేర్వేరు సర్వీసులు నడపాల్సి రావచ్చు. అప్పుడు కెర్నల్‌కే చెప్పొచ్చు: ఇంకా రాని అడ్రసు మీద కూడా వినడానికి ఒప్పుకో అని. /ఈటీసీ/సిస్‌సీటీఎల్.డి లో ఒక ఫైలు పెట్టి

నెట్.ఐపీవీ4.ఐపీ_నాన్‌లోకల్_బైండ్=1

అని రాసి, 'సిస్‌సీటీఎల్ --సిస్టమ్' కొట్టండి. ఐపీవీ6కు విడిగా అలాంటిదే ఇంకొకటి ఉంది. నష్టం ఒకటుంది. రేపు కాన్ఫిగ్‌లో 192.168.1.10 బదులు 192.168.1.100 అని పొరపాటున కొట్టినా సర్వీసు కిక్కురుమనకుండా లేస్తుంది, తప్పు తప్పని ఎవరూ చెప్పరు. అందుకే నేను దీన్ని రెండో మాటగానే వాడతాను.

నెట్‌వర్క్ కేబుల్‌కు అవతల రౌటర్ లేకపోయినా అడ్రసు ఉండిపోయేలా చేయడం ఇంకో దారి. స్టాటిక్ (మారని) ఐపీ ఇచ్చి, సిస్టమ్‌డి-నెట్‌వర్క్‌డి వాడుతుంటే, ఉబుంటులో నెట్‌వర్క్ సెట్టింగులు ఉండే నెట్‌ప్లాన్ ఫైల్లో ఆ కార్డు కింద 'ఇగ్నోర్-క్యారియర్: ట్రూ' రాయండి. లింకు లేకపోయినా అడ్రసు అంటుకుని ఉంటుంది. మార్పు పెట్టేటప్పుడు 'నెట్‌ప్లాన్ అప్లై' బదులు 'నెట్‌ప్లాన్ ట్రై' వాడండి. 120 సెకన్లలో మీరు ఎంటర్ కొట్టకపోతే పాత సెట్టింగులకు అదే వెనక్కి వెళ్లిపోతుంది. దూరం నుంచి పనిచేసేవాళ్లకు ఇది ప్రాణం.

ఎన్‌జిన్ఎక్స్ అనే వెబ్ సర్వర్‌లోనూ ఇదే సూత్రం. 'లిజన్ 192.168.1.10:80' కంటే 'లిజన్ 80' మేలు. కానీ ఎన్‌జిన్ఎక్స్‌కు ఇంకో బలహీనత ఉంది. వచ్చిన రిక్వెస్టును వేరే సర్వర్‌కు పంపే ప్రాక్సీ_పాస్ లైనులో ఆ సర్వర్ పేరు రాసి ఉంటే, లేచేటప్పుడే ఆ పేరుకు ఐపీ వెతుకుతుంది. డీఎన్ఎస్ పలకకపోతే "హోస్ట్ నాట్ ఫౌండ్ ఇన్ అప్‌స్ట్రీమ్" అని మొత్తం ఆగిపోతుంది. పది సైట్లలో ఒక్కదాని పేరు దొరక్కపోయినా పదీ పోతాయి. 'రిజాల్వర్' లైను పెట్టి, ఆ పేరును ఒక వేరియబుల్‌లో వేసి ప్రాక్సీ_పాస్‌కు ఇస్తే, రిక్వెస్టు వచ్చినప్పుడు మాత్రమే వెతుకుతుంది.

ఎస్ఎస్‌హెచ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో తప్పు జరిగితే సరిచేయడానికి మీరే లోపలికి వెళ్లలేరు. భద్రత కోసమని చాలామంది 'లిజన్‌అడ్రస్' అని ఒక్క ఐపీ ఇస్తారు. ఆ ఐపీ రాకముందే ఎస్ఎస్‌హెచ్‌డి లేస్తే 255 అనే కోడ్‌తో చచ్చిపోతుంది. డెబియన్ ఇచ్చే యూనిట్ ఫైల్లో 255తో పోతే మళ్లీ లేపొద్దని రాసి ఉంటుంది, 'రీస్టార్ట్‌ప్రివెంట్‌ఎగ్జిట్‌స్టేటస్=255' అని. అంటే రీస్టార్ట్ విధానం ఉన్నా అక్కరకు రాదు. మెషీన్ వేరే ఊళ్లో ఉంటే బస్సెక్కాల్సిందే. లిజన్‌అడ్రస్ లైను తీసేసి ఆ కట్టడిని ఫైర్‌వాల్‌లో పెట్టండి.

4. బూట్ వరుస: 'నెట్‌వర్క్' అనే పేరున్న రెండు టార్గెట్లు

ఇప్పుడు అందరూ మొదట చెప్పే మందు దగ్గరికి వద్దాం. యూనిట్ ఫైలు తెరిస్తే సాధారణంగా 'ఆఫ్టర్=నెట్‌వర్క్.టార్గెట్' అని ఉంటుంది. టార్గెట్ అంటే బూట్ దారిలో ఒక మజిలీ. పేరు చూసి నెట్‌వర్క్ వచ్చాకే లేస్తుందని అనుకుంటాం. కాదు. నెట్‌వర్క్.టార్గెట్ అంటే పొయ్యి వెలిగించారని మాత్రమే, అన్నం ఉడికిందని కాదు. నెట్‌వర్క్‌ను చూసుకునే ప్రోగ్రామ్ మొదలైంది, అడ్రసు వచ్చిందో లేదో దానికి పట్టదు. దాని అసలు ఉపయోగం మెషీన్ ఆపేటప్పుడు. ఆపడం లేపినదానికి తలకిందుల వరుసలో జరుగుతుంది కాబట్టి, నెట్‌వర్క్ ఇంకా ఉండగానే మీ సర్వీసు కనెక్షన్లను మర్యాదగా మూసుకోగలుగుతుంది.

మీకు కావాల్సింది నెట్‌వర్క్-ఆన్‌లైన్.టార్గెట్. దీన్ని ఇలా కలపండి:

సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్@14-మెయిన్

తెరుచుకున్న ఖాళీలో ఈ మూడు లైన్లు:

[యూనిట్]
వాంట్స్=నెట్‌వర్క్-ఆన్‌లైన్.టార్గెట్
ఆఫ్టర్=నెట్‌వర్క్-ఆన్‌లైన్.టార్గెట్

రెండూ రాయాలి. 'ఆఫ్టర్' వరుసను మాత్రమే చెబుతుంది: అది కూడా లేస్తుంటే నేను దాని వెనక. దాన్ని లేపమని చెప్పేది 'వాంట్స్'. ఒక్క ఆఫ్టర్ రాసి వదిలేస్తే, వేరే ఏ సర్వీసూ ఆ టార్గెట్‌ను అడగని మెషీన్‌లో మీ లైనుకు విలువ సున్నా. ఒక మెషీన్‌లో పనిచేసిన ఫైలు ఇంకో మెషీన్‌లో పనిచేయకపోవడానికి ఎక్కువసార్లు కారణం ఇదే, మొదటిదాంట్లో ఇంకెవరో అడిగారు కాబట్టి నడిచిపోయింది.

/లిబ్ కింద ఉన్న అసలు యూనిట్ ఫైలును నేరుగా మార్చకండి, ప్యాకేజీ అప్‌డేట్ వచ్చినప్పుడు మీ లైన్లు తుడిచిపెట్టుకుపోతాయి. ఎడిట్ కమాండ్ /ఈటీసీ కింద ఓవర్‌రైడ్.కాన్ఫ్ అనే విడి ఫైలు చేస్తుంది, పాత ఆఫ్టర్ లైను కూడా అలాగే ఉంటుంది, దానికి ఇది కలుస్తుంది. అన్నీ కలిపి చూడాలంటే 'సిస్టమ్‌సీటీఎల్ క్యాట్' తర్వాత సర్వీసు పేరు.

5. ఎదురుచూసేవాడు అసలు డ్యూటీలో ఉన్నాడా?

ఆన్‌లైన్ టార్గెట్ తనంతట తాను దేనికీ ఆగదు. దాని కింద ఒక వెయిట్-ఆన్‌లైన్ సర్వీసు ఉండి ఆపాలి. మీ మెషీన్‌లో నెట్‌వర్క్‌ను ఎవరు చూస్తున్నారో దాన్ని బట్టి అది మారుతుంది.

ఉబుంటు సర్వర్‌లో సిస్టమ్‌డి-నెట్‌వర్క్‌డి-వెయిట్-ఆన్‌లైన్. డెస్క్‌టాప్ ఉబుంటు, ఫెడోరా, రెడ్‌హ్యాట్ కుటుంబంలో నెట్‌వర్క్‌మేనేజర్-వెయిట్-ఆన్‌లైన్. రెండింటినీ 'సిస్టమ్‌సీటీఎల్ ఈజ్-ఎనేబుల్డ్' తో అడగండి. బూట్ త్వరగా అవ్వాలని ఎవరో ఎప్పుడో డిజేబుల్ చేసి ఉంటారు. అలాగే నెట్‌వర్క్‌మేనేజర్ వాడే మెషీన్‌లో నెట్‌వర్క్‌డిది కూడా ఎనేబుల్ అయి ఉంటే, అది తన చేతిలో లేని కార్డుల కోసం రెండు నిమిషాలు కాచుకు కూర్చుంటుంది. బూట్‌లో "ఎ స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్" అని నక్షత్రాలు అటూ ఇటూ తిరగడం మీరు చూసే ఉంటారు. వాడనిదాన్ని డిజేబుల్ చేయండి.

నెట్‌వర్క్‌డిది మామూలుగా తన కిందున్న కార్డులన్నీ సిద్ధమయ్యేదాకా చూస్తుంది, 120 సెకన్లు దాటితే ఓడిపోతుంది. మిల్లు పెట్టెకు రెండు ల్యాన్ పోర్టులు, ఒకటి ఖాళీ. నెట్‌ప్లాన్ ఫైల్లో ఆ రెండో పోర్టు కూడా ఉండటంతో, కేబుల్ ఎప్పటికీ పెట్టని ఆ పోర్టు కోసం ప్రతి బూట్‌లో రెండు నిమిషాలు పోయేవి. ఖాళీ పోర్టు కింద 'ఆప్షనల్: ట్రూ' అని రాస్తే దాన్ని లెక్కలోకి తీసుకోదు.

ఇంకో మెలిక ఐపీవీ6. రౌటర్ నుంచి ఐపీవీ6 ముందొచ్చేస్తే, ఐపీవీ4 రాకపోయినా ఆన్‌లైన్ అయిపోయినట్టే లెక్క పడొచ్చు. మీకు ఒక్క కార్డు, ఐపీవీ4 ముఖ్యమైతే వెయిట్-ఆన్‌లైన్ సర్వీసుకే ఎడిట్ కొట్టి ఇలా రాయండి:

[సర్వీస్]
ఎగ్జెక్‌స్టార్ట్=
ఎగ్జెక్‌స్టార్ట్=/లిబ్/సిస్టమ్‌డి/సిస్టమ్‌డి-నెట్‌వర్క్‌డి-వెయిట్-ఆన్‌లైన్ --ఇంటర్‌ఫేస్=ఈఎన్‌పీ1ఎస్0 --ఐపీవీ4

మొదటి ఖాళీ లైను పొరపాటు కాదు. పాత కమాండును తుడిచేయడానికి అది ఉండాలి. నెట్‌వర్క్‌మేనేజర్‌లో ఇదే పని 'ఎన్ఎంసీఎల్ఐ కనెక్షన్ మాడిఫై' తో ఆ కనెక్షన్‌కు 'ఐపీవీ4.మే-ఫెయిల్ నో' పెడితే అవుతుంది. అక్కడ గడువు 60 సెకన్లు.

డెబియన్‌లో పాత పద్ధతి ఇంటర్‌ఫేసెస్ ఫైలు వాడేవాళ్లు ఒకటి చూసుకోండి. కార్డు పేరు ముందు 'అలౌ-హాట్‌ప్లగ్' ఉంటే బూట్ దానికోసం ఆగదు, 'ఆటో' ఉంటే ఆగుతుంది.

ఇంత చేశాక కూడా ఒకటి గుర్తుంచుకోవాలి. గడువు దాటి వెయిట్-ఆన్‌లైన్ ఓడిపోయినా ఆన్‌లైన్ టార్గెట్ మాత్రం వచ్చేసినట్టే లెక్క, మీ సర్వీసు లేచేస్తుంది. వాంట్స్ బదులు రిక్వైర్స్ రాసినా ఇక్కడ తేడా లేదు. మిల్లులో రౌటర్‌కు ఒక్కోసారి మూడు నిమిషాలు పట్టేది. గడువు రెండే. నేను మొదట ఈ వరుస మార్చి, అయిపోయిందనుకుని, వారం తిరక్కుండా మళ్లీ లారీల ఫోన్ ఎత్తాను. వినే సర్వీసుకు మూడో అంశంలో చెప్పిందే వైద్యం, ఇది పథ్యం లాంటిది.

6. పిలిచేదైతే: ఓపిక నేర్పండి

కోడ్ మీదైతే మళ్లీ ప్రయత్నించే లూప్ కోడ్‌లోనే రాయండి, అంతకన్నా మంచిది లేదు. కాకపోతే సిస్టమ్‌డితో చేయించండి. 'రీస్టార్ట్=ఆన్-ఫెయిల్యూర్' ఒక్కటి రాస్తే చాలదు. దాని వెనక లెక్క చూడండి. ఒకసారి పడిపోయాక మళ్లీ లేపడానికి సిస్టమ్‌డి ఆగేది 100 మిల్లీసెకన్లే. పది సెకన్లలో ఐదుసార్లు లేపినా నిలబడకపోతే ఇక వదిలేస్తుంది. లేవగానే పడిపోయే ప్రోగ్రామ్ అర సెకనులో ఐదు అవకాశాలూ తగలేస్తుంది. లాగ్‌లో "స్టార్ట్ రిక్వెస్ట్ రిపీటెడ్ టూ క్విక్లీ" అని ఉంటే ఇదే జరిగింది. అందుకని:

[యూనిట్]
స్టార్ట్‌లిమిట్‌ఇంటర్వల్‌సెక్=0

[సర్వీస్]
రీస్టార్ట్=ఆన్-ఫెయిల్యూర్
రీస్టార్ట్‌సెక్=10

మొదటిది యూనిట్ కింద, మిగతావి సర్వీస్ కింద. ఒకదాన్ని ఇంకోచోట రాస్తే సిస్టమ్‌డి ఒక హెచ్చరిక రాసి పక్కన పడేస్తుంది. సున్నా అంటే ఎన్నిసార్లైనా లేపు అని. పది సెకన్లకొకసారి అంటే మెషీన్‌కు భారమేమీ కాదు.

కోడ్ మార్చలేని, పడిపోకుండా మొండిగా వేలాడే ప్రోగ్రాములుంటాయి. పేరు దొరక్కపోతే లోపల ఒక ఎర్రర్ రాసి, ఏ పనీ చేయకుండా బతికే ఉంటాయి. పడిపోనిదాన్ని రీస్టార్ట్ ఏం చేస్తుంది? అలాంటప్పుడే ముందు ఆపే లైను పెట్టాలి:

ఎగ్జెక్‌స్టార్ట్‌ప్రీ=/బిన్/ఎస్‌హెచ్ -సి 'అంటిల్ గెట్‌ఎంట్ హోస్ట్స్ డీబీ.ల్యాన్; డూ స్లీప్ 2; డన్'
టైమ్‌అవుట్‌స్టార్ట్‌సెక్=5మిన్

డీబీ.ల్యాన్ బదులు మీకు కావాల్సిన పేరు. గడువు లైను తప్పనిసరి, లేకపోతే మామూలు 90 సెకన్లకు సిస్టమ్‌డి దీన్ని చంపేస్తుంది.

ఈ చోట చాలామంది 'స్లీప్ 30' పెడతారు. రౌటర్ ముందే నడుస్తున్న రోజు ఆ ముప్ఫై సెకన్లు దండగ, కరెంటు పోయిన రోజు ముప్ఫై చాలవు. ఇంకొందరు బయటి ఇంటర్నెట్‌లో ఉండే 8.8.8.8కు పింగ్ అందేదాకా ఆపుతారు. మిల్లులో కాటా నుంచి డేటాబేసుకు గోడకు అటూ ఇటూ ప్రయాణం. రోడ్డు తవ్వి ఫైబర్ తెగితే ఆ గోడ దాటడం ఎందుకు ఆగాలి? మీ సర్వీసుకు ఏది కావాలో దాన్నే అడగండి.

నెట్‌వర్క్ మీద నుంచి వచ్చే ఫోల్డర్, అంటే ఎన్ఎఫ్ఎస్ లాంటిది, వాడే సర్వీసులకు ఇంకో ప్రమాదం ఉంది. మౌంట్ కాకముందే సర్వీసు లేస్తే ఆ ఖాళీ ఫోల్డర్‌లోనే రాసుకుంటూ పోతుంది, తర్వాత మౌంట్ అయ్యాక ఆ ఫైళ్లు కింద దాగిపోతాయి. మౌంట్ల జాబితా ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలు లైనులో '_నెట్‌డెవ్', 'నోఫెయిల్' పెట్టి, సర్వీసు యూనిట్ భాగంలో 'రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్=' తర్వాత ఆ ఫోల్డర్ దారి రాయండి.

గడియారాన్నీ ఒకసారి చూడండి. మదర్‌బోర్డు మీద సీఆర్2032 బటన్ సెల్ అయిపోయిన పాత పెట్టెలు, లోపల గడియారమే లేని పాత రాస్‌ప్‌బెర్రీ పైలు కరెంటు పోయి వచ్చాక వెనకటి తారీఖులో లేస్తాయి. నెట్‌వర్క్ బాగానే ఉన్నా "సర్టిఫికెట్ ఈజ్ నాట్ యెట్ వాలిడ్" అని కనెక్షన్ తెగుతుంది. సెల్ మార్చండి. గడియారమే లేనిదైతే, సిస్టమ్‌డి-టైమ్‌సింక్‌డి వాడుతుంటే, సిస్టమ్‌డి-టైమ్-వెయిట్-సింక్‌ను ఎనేబుల్ చేసి, సర్వీసుకు 'ఆఫ్టర్=టైమ్-సింక్.టార్గెట్' కలపండి.

7. పరీక్ష: రీబూట్ చాలదు

అన్నీ పెట్టి రీబూట్ కొడితే అన్నీ చక్కగా లేస్తాయి. రౌటర్ ఆగలేదు కదా! కరెంటు పోయిన రోజును మీరే తయారుచేయాలి.

ముందు కేబుల్ పీకి బూట్ చేయండి. మానిటరు, కీబోర్డు తగిలించి లోపలికెళ్లి ఐదు నిమిషాలు వదిలేయండి, అన్ని గడువులూ దాటిపోవాలి. అప్పుడు కేబుల్ పెట్టండి. ఏమీ ముట్టుకోకుండా ఎస్ఎస్ కమాండ్ కొట్టి పోర్టులు చూడండి, వేరే కంప్యూటర్ నుంచి కనెక్ట్ అయి చూడండి. లైబ్‌వర్ట్ మీద వర్చువల్ మెషీన్ అయితే కేబుల్ పీకినట్టే 'వర్ష్ డొమ్ఐఎఫ్-సెట్‌లింక్' తో లింకు డౌన్ చేయొచ్చు.

తర్వాత రౌటర్‌ను, పెట్టెను కలిపి ఒకే స్విచ్‌తో ఆపి వేయండి. మామూలు షట్‌డౌన్ చేసి ఆపండి, నడుస్తున్న డేటాబేసుకు పరీక్ష కోసం ప్లగ్ పీకొద్దు. అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష ఇదే. కాటా దగ్గర లారీలు లేని వేళ చూసుకుని, గుమాస్తాకు చెప్పి చేయండి.

మిల్లులో ఈ రెండో పరీక్షలో డేటాబేసు గెలిచింది, బ్యాకప్ ఓడింది. రాత్రి రెండింటికి నడవాల్సిన బ్యాకప్ టైమర్‌కు నేను 'పర్సిస్టెంట్=ట్రూ' పెట్టి ఉన్నాను. మెషీన్ ఆగి ఉన్నప్పుడు తప్పిపోయిన బ్యాకప్‌ను లేవగానే నడిపిస్తుంది అది. లేవగానే అంటే సరిగ్గా నెట్‌వర్క్ లేని ఆ నిమిషంలోనే. వాంట్స్, ఆఫ్టర్ లైన్లు రాశాను కదా అని చూస్తే, వాటిని టైమర్ ఫైల్లో రాశాను. టైమర్ నెట్‌వర్క్ కోసం ఆగడం కాదు కావాల్సింది, అది లేపే సర్వీసు ఆగాలి. లైన్లు బ్యాకప్ సర్వీసు ఫైల్లోకి మార్చి, దానికి రీస్టార్ట్=ఆన్-ఫెయిల్యూర్, రీస్టార్ట్‌సెక్=120 కలిపాను. బ్యాకప్ వన్‌షాట్ రకం (ఒకసారి నడిచి ముగిసే) సర్వీసు, ఆ రకానికి ఈ రీస్టార్ట్ సిస్టమ్‌డి 244 నుంచే పనిచేస్తుంది, 22.04లో 249 ఉంది కాబట్టి ఇబ్బంది రాలేదు. మళ్లీ స్విచ్ ఆపి వేశాం. మొదటి ప్రయత్నం పోయింది, రెండో ప్రయత్నంలో బ్యాకప్ వెళ్లింది. గుమాస్తా తన కాగితం మీద రాసుకున్న రీస్టార్ట్ కమాండును కొట్టేసి, దాని వెనక ఆ రోజు తూకాలు వేసుకున్నాడు.